వాయు కాలుష్యం: గుండె, ఊపిరితిత్తులపై ప్రభావం

మనిషి పీల్చే గాలిలో ధూళి, పొగ, విషవాయువులు ఆరోగ్యానికి చేటు చేసే మోతాదులో కలిసి ఉండడాన్ని వాయు కాలుష్యం అంటారు. దానివల్ల దగ్గు, ఆయాసం, ఉబ్బసం వస్తాయన్నది ఎంతోకాలంగా అందరికీ తెలిసిన సంగతే. అయితే బయటి గాలి కాలుష్యం తెచ్చిపెట్టే అకాల మరణాల్లో సగానికి మించి గుండె జబ్బులు, పక్షవాతం ద్వారానే సంభవిస్తున్నాయని వైద్యశాస్త్రం గత మూడు నాలుగు దశాబ్దాల్లోనే గుర్తించింది. విషం లోపలికి వెళ్ళే దారి ఊపిరితిత్తులే అయినా, ఎక్కువ ప్రాణాలు పోయేది గుండె, రక్తనాళాలు దెబ్బతినడం వల్ల. ఇంటి లోపలి పొగను, బయటి కాలుష్యాన్ని కలిపి చూస్తే 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 81 లక్షల మంది, భారతదేశంలో 2019లో సుమారు 16.7 లక్షల మంది దీనివల్ల మరణించారని ‘గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్’ అధ్యయనాలు అంచనా కట్టాయి. భారతదేశపు సంఖ్య ఆ ఏడాది దేశంలో సంభవించిన మొత్తం మరణాల్లో 17.8 శాతానికి సమానం. మరణ ధ్రువపత్రాల్లో ‘వాయు కాలుష్యం’ అని ఎవరూ రాయరు గనుక, ఇవి జనాభాను, కాలుష్య స్థాయిని, జబ్బుల రేటును కలిపి గణిత నమూనాల ద్వారా రాబట్టిన అంచనాలని గ్రహించాలి.

కాలుష్య కారకాలు

గాలిని కలుషితం చేసే పదార్థాలను ధూళి రేణువులు, వాయువులు అని రెండు తెగలుగా విభజిస్తారు. రేణువులను వాటి రసాయన స్వభావాన్ని బట్టి కాక, పరిమాణాన్ని బట్టి వర్గీకరించడం ఆనవాయితీ. పది మైక్రాన్లు, అంతకన్నా తక్కువ వ్యాసం ఉన్నవాటిని పీఎం 10 అనీ, రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా చిన్నవాటిని పీఎం 2.5 లేదా సూక్ష్మ ధూళి అనీ, మైక్రానులో పదో వంతుకు మించనివాటిని అతిసూక్ష్మ రేణువులనీ పిలుస్తారు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి సూక్ష్మ ధూళి రేణువు అందులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటుగా ఉంటుంది. రోడ్డు మీద లేచే దుమ్ము, తవ్వకాల్లో, కూల్చివేతల్లో రేగే మట్టి ఎక్కువగా పీఎం 10లోకి వస్తాయి. డీజిల్ పొగ, బొగ్గు, కట్టెలు, చెత్త, వరి కొయ్యకాళ్ళు కాలగా వచ్చే పొగ ఎక్కువగా పీఎం 2.5లోకి వస్తాయి. సూక్ష్మ ధూళి అంతా పొగగొట్టాల నుంచే నేరుగా రాదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వదిలే సల్ఫర్ డయాక్సైడు, వాహనాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు, పశువుల పేడ నుంచీ ఎరువుల నుంచీ వెలువడే అమ్మోనియా గాలిలో కలిసి, కొన్ని గంటల్లో లేదా రోజుల్లో సల్ఫేట్, నైట్రేట్ రేణువులుగా మారి, పుట్టిన చోటుకు వందల కిలోమీటర్ల దూరం కూడా ప్రయాణిస్తాయి.

వాయువుల్లో ముఖ్యమైనవి నాలుగు. వాహనాల ఇంజన్లలో అధిక వేడి వద్ద పుట్టే నైట్రోజన్ డయాక్సైడు శ్వాసనాళాల లోపొరను రేపుతుంది. గంధకం ఉన్న బొగ్గు, చమురు కాలినప్పుడు పుట్టే సల్ఫర్ డయాక్సైడు ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలను నిమిషాల్లోనే బిగుసుకుపోయేలా చేస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లూ, సులువుగా ఆవిరయ్యే కర్బన సమ్మేళనాలూ ఎండ వెలుతురులో చర్య జరపగా నేల దగ్గర పుట్టే ఓజోన్, ఎండ తీవ్రంగా ఉన్న మధ్యాహ్న వేళల్లో ఎక్కువగా ఉంటుంది. ఇంధనం పూర్తిగా కాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడు, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని, గుండె కండరానికి అందవలసిన ప్రాణవాయువును తగ్గిస్తుంది.

అవగాహన పెరిగిన క్రమం

పొగ ప్రాణాంతకమని లోకానికి చాటిన తొలి ఘటనలు మూడూ ఒకే తరహావి. చలికాలంలో నేలను ఆనుకున్న చల్లటి గాలిపై వెచ్చటి గాలి మూతలా కమ్ముకున్నప్పుడు, కింది పొగ పైకి పోలేక జనావాసాల మీదే నిలిచిపోయింది. బెల్జియంలోని మ్యూజ్ లోయలో 1930 డిసెంబరులో సుమారు 60 మంది, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉక్కు, జింకు కర్మాగారాలున్న డొనోరా పట్టణంలో 1948 అక్టోబరు చివర 20 మంది కొద్ది రోజుల్లో మరణించారు. వీటన్నిటికన్నా ఘోరమైనది 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ నగరాన్ని కమ్మేసిన బొగ్గు పొగమంచు. అప్పట్లో నగరంలో జరుగుతున్న పశు ప్రదర్శనకు తెచ్చిన మేలుజాతి పశువులు కొన్ని ఊపిరాడక చనిపోయాయి. ఆ కొద్ది వారాల్లో మామూలుకన్నా సుమారు 4,000 మరణాలు ఎక్కువగా సంభవించినట్లు తొలుత లెక్క తేలగా, తరువాతి నెలల మరణాలను కూడా కలిపి చేసిన పునఃపరిశీలనలో ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చని తేలింది. ఈ ఘటన ఫలితంగానే బ్రిటన్ 1956లో స్వచ్ఛ వాయు చట్టాన్ని చేసింది.

ఇంతటి విపత్తులు ఆగిపోయాక, మామూలు రోజుల్లో ఉండే మోస్తరు కాలుష్యం వల్ల హాని లేదని చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేసింది 1993లో వెలువడిన హార్వర్డ్ ‘ఆరు నగరాల అధ్యయనం’. డగ్లస్ డాకరీ, ఆర్డెన్ పోప్ తదితర పరిశోధకులు అమెరికాలోని ఆరు పట్టణాల్లో 8,111 మంది పెద్దవారిని 14 నుంచి 16 ఏళ్ళ పాటు పరిశీలించారు. పొగతాగే అలవాటు, వయసు, బరువు, చదువు, వృత్తి వంటి అంశాలను సరిచూసుకున్న తరువాత కూడా, సూక్ష్మ ధూళి అత్యధికంగా ఉన్న స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, అత్యల్పంగా ఉన్న పోర్టేజ్ కన్నా 26 శాతం ఎక్కువగా ఉందని వారు తేల్చారు. పోప్ బృందం 2002లో ప్రకటించిన మరింత విస్తృతమైన పరిశీలనలో, సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో సంభవించే మరణాలు సుమారు 6 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు సుమారు 8 శాతం పెరుగుతాయని తేలింది. సూక్ష్మ ధూళి గుండెకు చేటు చేస్తుందని 2004లో అధికారికంగా ప్రకటించిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్, 2010లో ఆ సంబంధం కార్యకారణ సంబంధమేనని స్పష్టం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను, 2013లో బయటి గాలి కాలుష్యాన్ని మొత్తంగానూ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది.

శ్వాసమార్గంలో రేణువుల ప్రయాణం

పెద్ద వయసు మనిషి రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. ఈ గాలిలోని పెద్ద రేణువులను ముక్కులోని వెంట్రుకలు, తడి పొర అడ్డుకుంటాయి. వాటిని దాటి శ్వాసనాళాల్లోకి చేరినవి అక్కడి జిగురుకు అంటుకోగా, కంటికి కనబడని, వెంట్రుకల్లాంటి శైలికలు ఆ జిగురును పైకి నెట్టి గొంతుకు చేరుస్తాయి. దాన్నే మనిషి కళ్ళెగా ఉమ్మేయడమో, తెలియకుండా మింగేయడమో జరుగుతుంది. పీఎం 2.5 రేణువుల్లో చాలా భాగం ఈ రెండు కాపుదలలనూ తప్పించుకుని, శ్వాసనాళాల చివర కోట్ల సంఖ్యలో ఉండే గాలి గదుల వరకు వెళ్తాయి. ఆక్సిజన్ రక్తంలోకి, కార్బన్ డయాక్సైడు బయటికి మారేది ఈ గదుల్లోనే. గాలిని, రక్తాన్ని వేరుచేసే అక్కడి పొర మందం మైక్రాను కన్నా తక్కువ. గాలి గదుల్లో శైలికలు ఉండవు కాబట్టి, చేరిన రేణువులను మింగి తొలగించే పని మాక్రోఫేజ్‌లనే రక్షణ కణాలు చేస్తాయి. రేణువులు మోతాదు మించినా, లోహాలు, కర్బన విషాలు అంటుకుని ఉన్నా ఈ కణాలు వాటిని జీర్ణించుకోలేక వాపు కలిగించే రసాయనాలను విడుదల చేస్తాయి. ఊపిరితిత్తుల జబ్బులకూ, గుండె జబ్బులకూ మొదలు ఇక్కడే.

అతిసూక్ష్మ రేణువులు ఈ పలుచని పొరను దాటి నేరుగా రక్తంలో కలుస్తాయా అన్న ప్రశ్నకు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రకటించిన ప్రయోగం ఒక జవాబు ఇచ్చింది. హాని చేయని బంగారు నానో రేణువులను స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి చేత పీల్పించగా, వాటిలోని బంగారం 24 గంటల్లోపే రక్తంలోనూ, మూడు నెలల తరువాత కూడా మూత్రంలోనూ కనిపించింది. పక్షవాతం ముప్పు ఉన్న రోగుల మెడ ధమనుల నుంచి శస్త్రచికిత్సలో తొలగించిన కొవ్వు పూడికలలో సైతం ఆ బంగారం దొరకడం వల్ల, పీల్చిన రేణువులు జబ్బుపడిన రక్తనాళాల దగ్గరే పోగుపడే వీలుందని తెలిసింది.

ఊపిరితిత్తులపై ప్రభావం

కాలుష్యం ఊపిరితిత్తులను మనిషి వయసును బట్టి వేర్వేరు విధాలుగా దెబ్బతీస్తుంది. పిల్లల్లో అది ఎదుగుదలనే కుంటుపరుస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 12 ప్రాంతాలకు చెందిన 1,759 మంది పిల్లలను పదేళ్ళ వయసు నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు ఏటా పరీక్షించి 2004లో ఫలితాలు వెల్లడించారు. గట్టిగా గాలి ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే పరిమాణాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో, ఉండవలసినదానిలో 80 శాతం కన్నా తక్కువ వచ్చిన పిల్లలు సూక్ష్మ ధూళి అత్యల్పంగా ఉన్న ప్రాంతంలో 1.6 శాతం ఉండగా, అత్యధికంగా ఉన్న ప్రాంతంలో 7.9 శాతం ఉన్నారు. యుక్తవయసుతో ఊపిరితిత్తుల ఎదుగుదల ఆగిపోతుంది కనుక, అప్పటికి ఏర్పడిన లోటు నడివయసులో ఆయాసంగా, ముదిమిలో జబ్బుగా బయటపడే అవకాశం ఎక్కువ.

శ్వాసనాళాలు ఎప్పుడూ వాచి ఉండి, చిన్న ప్రేరణకే బిగుసుకుపోయి పిల్లికూతలతో ఊపిరి అందని స్థితిని ఉబ్బసం అంటారు. కాలుష్యం ఉన్న ఉబ్బసాన్ని ఉధృతం చేయడమే కాక, వాహనాల పొగ మధ్య పెరిగే పిల్లల్లో కొత్తగా ఉబ్బసం రావడానికీ దోహదం చేస్తుంది. లండన్‌లో ఉబ్బసం ఉన్న 60 మంది పెద్దవారిని ఒక రోజు డీజిల్ బస్సులు, ట్యాక్సీలు మాత్రమే తిరిగే ఆక్స్‌ఫర్డ్ వీధిలోనూ, మరో రోజు పక్కనే ఉన్న హైడ్ పార్కులోనూ రెండేసి గంటలు నడిపించి పరీక్షించగా, వీధిలో నడిచిన రోజునే ఊపిరితిత్తుల సామర్థ్యం ఎక్కువగా తగ్గిందని 2007లో తేలింది. అదే నగరంలో రద్దీ రహదారి పక్కన నివసిస్తూ తీవ్రమైన ఉబ్బసంతో 2013లో మరణించిన తొమ్మిదేళ్ళ బాలిక విషయంలో, వాయు కాలుష్యం మరణ కారణాల్లో ఒకటని 2020 డిసెంబరులో మరణ విచారణాధికారి నిర్ధారించారు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణానికి అధికారికంగా కాలుష్యాన్ని కారణంగా నమోదు చేయడం అదే మొదటిసారి.

నడివయసు దాటినవారిలో ప్రధానమైనది సీఓపీడీగా పేర్కొనే దీర్ఘకాల శ్వాసావరోధ వ్యాధి. ఇందులో శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయి, గాలి గదుల గోడలు శిథిలమై, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఏళ్ళ తరబడి కళ్ళెతో కూడిన దగ్గు, నాలుగు మెట్లెక్కితే వచ్చే ఆయాసం దీని తొలి లక్షణాలు. పాశ్చాత్య దేశాల్లో దీనికి పొగతాగడమే ముఖ్య కారణం కాగా, భారతదేశంలో జీవితంలో ఒక్క బీడీ ముట్టని గ్రామీణ స్త్రీలలో కూడా ఈ జబ్బు విస్తారంగా కనిపించడానికి వంట పొగ, బయటి కాలుష్యం కారణాలని గుర్తించారు. ఐదేళ్ళలోపు పిల్లల్లో న్యుమోనియా ముప్పును కూడా పొగ పెంచుతుంది. శ్వాసనాళాల శైలికలు, మాక్రోఫేజ్‌లు రెండూ పొగవల్ల బలహీనపడడం వల్ల సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గిపోతుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో పొగాకు ముప్పుతో పోలిస్తే కాలుష్యం ముప్పు చాలా తక్కువే. అయినా పొగతాగనివారిలో వచ్చే క్యాన్సర్లను వివరించడంలో దాని పాత్ర ముఖ్యమైనది. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థకు చెందిన చార్లెస్ స్వాంటన్ బృందం 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, వయసుతో పాటు ఊపిరితిత్తుల్లో సహజంగానే ఏర్పడి నిద్రాణంగా పడి ఉండే కొన్ని ఉత్పరివర్తన కణాలను, సూక్ష్మ ధూళి వల్ల పుట్టే వాపు మేల్కొలిపి కణితులుగా ఎదిగేలా చేస్తుంది. కాలుష్యం కొత్తగా జన్యువులను చెడగొట్టకపోయినా క్యాన్సర్‌కు దారితీయగలదన్న అవగాహన దీనివల్ల ఏర్పడింది.

గుండె, రక్తనాళాలపై ప్రభావం

పీల్చిన ధూళి గుండెను మూడు మార్గాల్లో దెబ్బతీస్తుంది. మొదటిది, గాలి గదుల్లో పుట్టిన వాపు రసాయనాలు రక్తంలోకి పొంగి ఒళ్ళంతా పాకడం. దీనివల్ల కాలేయం రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. రెండోది, శ్వాసమార్గంలోని నాడుల చివరలు రేగి, గుండె లయను, రక్తపోటును నియంత్రించే స్వయంచాలక నాడీవ్యవస్థ సమతూకం తప్పడం. దీని ప్రభావం నిమిషాల్లో, గంటల్లోనే కనిపిస్తుంది. మూడోది, అతిసూక్ష్మ రేణువులు, వాటికి అంటిన లోహాలు నేరుగా రక్తంలో చేరడం. ఈ మూడు మార్గాలూ చివరకు రక్తనాళాల లోపొర అయిన ఎండోథీలియం వద్ద కలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఈ పొర నైట్రిక్ ఆక్సైడును ఉత్పత్తి చేసి నాళాన్ని విప్పారేలా చేస్తుంది, రక్త ఫలకికలు అంటుకోకుండా చూస్తుంది. కాలుష్యం వల్ల ఆ ఉత్పత్తి తగ్గడంతో నాళాలు బిగుసుకుని రక్తపోటు పెరుగుతుంది, రక్తం తేలికగా గడ్డకడుతుంది.

ఈ మార్పులు ఎంత త్వరగా జరుగుతాయో ఎడిన్‌బరో పరిశోధకులు స్వీడన్‌లోని ఉమియో శాస్త్రజ్ఞులతో కలిసి 2007లో ప్రకటించిన ప్రయోగం చూపించింది. గతంలో గుండెపోటు వచ్చి, మందులతో నిలకడగా ఉన్న 20 మంది పురుషులను ఒక గదిలో గంటపాటు ఉంచి, మధ్యమధ్య వ్యాయామ సైకిల్ తొక్కిస్తూ, ఒకసారి వడపోసిన గాలినీ, మరోసారి ఘనపు మీటరుకు 300 మైక్రోగ్రాముల పలుచని డీజిల్ పొగనూ పీల్పించారు. ఏ రోజు ఏది పీలుస్తున్నారో వారికి చెప్పలేదు. ఎవరికీ గుండెలో నొప్పి రాలేదు. అయినా డీజిల్ పొగ పీల్చిన రోజున ఈసీజీలో గుండె కండరానికి రక్తం చాలనట్లు తెలిపే మార్పులు ఎక్కువగా కనిపించాయి. రక్తపు గడ్డలను కరిగించే సహజ పదార్థం విడుదల కూడా సుమారు మూడో వంతు తగ్గింది. ఆ మోతాదు కాలుష్యం పెద్ద నగరాల రద్దీ రోడ్ల మీద ఎదురయ్యేదే.

స్వల్పకాలిక ప్రభావాల్లో గుండెపోటు, గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరవలసి రావడం, గుండె లయ తప్పడం, పక్షవాతం ముఖ్యమైనవి. అప్పటికే పూడికలు ఉన్న ధమనిలో, కాలుష్యం పెరిగిన రోజున పూడిక పగిలి గడ్డ ఏర్పడడం వీటికి సాధారణ కారణం. 24 దేశాలకు చెందిన 652 నగరాల సమాచారంతో 2019లో వెలువడిన విశ్లేషణ, సూక్ష్మ ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగితే ఆ రోజు, మర్నాడు మరణాలు సగటున 0.68 శాతం పెరుగుతాయని తేల్చింది. భారతదేశంలో హైదరాబాదుతో సహా పది నగరాల్లో 2008 నుంచి 2019 వరకు సంభవించిన సుమారు 36 లక్షల మరణాలను పరిశీలించి 2024లో ప్రకటించిన అధ్యయనంలో ఈ పెరుగుదల 1.4 శాతంగా తేలింది. పైగా, దేశీయ ప్రమాణానికి లోబడిన రోజులను మాత్రమే విడిగా చూసినప్పుడు మైక్రోగ్రాముకు పడే ప్రభావం ఇంకా ఎక్కువగా కనిపించింది.

దీర్ఘకాలంలో కాలుష్యం ధమనుల గోడల్లో కొవ్వు, కాల్షియం పేరుకునే అథిరోస్క్లిరోసిస్‌ను వేగవంతం చేస్తుంది. అమెరికాలోని ఆరు మహానగర ప్రాంతాల్లో ఆరు వేలకు పైగా వ్యక్తులను పదేళ్ళ పాటు సీటీ స్కాన్ల ద్వారా పరిశీలించిన అధ్యయనం, సూక్ష్మ ధూళి ఎక్కువ ఉన్నచోట నివసించేవారి గుండె ధమనుల్లో కాల్షియం మరింత వేగంగా పేరుకుంటోందని 2016లో నిర్ధారించింది. అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో ఈ నష్టం తోడవడం వల్ల ముప్పు హెచ్చుతుంది.

వంటింటి పొగ

బయటి గాలిని కొలిచే యంత్రాలకు అందని కాలుష్యం వంటింట్లో ఉంటుంది. కట్టెలు, పిడకలు, కంది కట్టె, పత్తి కట్టె, కొబ్బరి మట్టలు వంటివి సరిగా కాలని మూడు రాళ్ళ పొయ్యి దగ్గర, ఊదుగొట్టంతో మంట రాజేసే స్త్రీ ముఖం పొగకు మూరెడు దూరంలోనే ఉంటుంది. వంట జరుగుతున్నంతసేపూ అక్కడి సూక్ష్మ ధూళి బయటి గాలిలో ఉండేదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంటింటా వాడే మరో వస్తువు దోమల చుట్ట. ఒక చుట్ట పూర్తిగా కాలేసరికి 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేంత సూక్ష్మ ధూళి వెలువడుతుందని 2003లో చైనా, మలేసియా చుట్టలపై జరిగిన పరిశీలనలో తేలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016 మేలో మొదలైన ప్రధానమంత్రి ఉజ్వల యోజన కోట్ల కుటుంబాలకు గ్యాస్ కనెక్షన్లు అందించాయి. అయితే సిలిండరు తిరిగి నింపించుకునే ఖర్చు భారమై, టీ, కూరలు గ్యాసు మీద, అన్నం, స్నానాల నీళ్ళు కట్టెల మీద కాచుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో గర్భిణులకు ఉచితంగా గ్యాస్ పొయ్యి, ఇంధనం ఇచ్చి జరిపిన పెద్ద ప్రయోగంలో వారు పీల్చే సూక్ష్మ ధూళి బాగా తగ్గినా, శిశువుల జనన బరువులో గానీ తీవ్ర న్యుమోనియాలో గానీ గణనీయమైన తేడా కనిపించలేదు. ఒక ఇంట్లో ఇంధనం మార్చినంత మాత్రాన చాలదనీ, చుట్టుపక్కల గాలి కూడా శుభ్రపడాలనీ, గర్భధారణకు ముందు నుంచే పొగ తగ్గాలనీ పలువురు పరిశోధకులు దీన్ని వ్యాఖ్యానించారు.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాదు శివారులోని 28 గ్రామాల్లో, జాతీయ పోషకాహార సంస్థ ఏళ్ళుగా పరిశీలిస్తున్న కుటుంబాలపై, బార్సిలోనాకు చెందిన శాస్త్రజ్ఞులతో కలిసి ‘చాయ్’ అనే సంక్షిప్త నామంతో జరిగిన అధ్యయనం ఈ రంగంలో పేర్కొనదగ్గది. నగరం వెలుపల ఉన్నా ఈ ఊళ్ళలో సూక్ష్మ ధూళి ఏడాది సగటు 33 మైక్రోగ్రాముల వరకు ఉంది. కొందరికి ధూళిని కొలిచే పరికరంతో పాటు చిన్న కెమెరాను కూడా తగిలించి, ఏ పని చేస్తున్నప్పుడు ఎంత ధూళి పీలుస్తున్నారో గమనించగా, స్త్రీలలో వంట సమయమే ప్రధానమని తెలిసింది. మెడ ధమని గోడ మందాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2020లో ప్రకటించిన ఫలితాల్లో, ధూళి ఎక్కువైతే గోడ మందం పెరిగే ధోరణి కనిపించింది. ఈ ధోరణి నలభై దాటినవారిలోనూ, పొగగొట్టం లేని పొయ్యిపై వండే స్త్రీలలోనూ మరింత బలంగా ఉంది. ధమని గోడ మందం పెరగడం గుండెపోటు, పక్షవాతాలకు ముందస్తు సూచన.

జాతీయ ప్రమాణాలను అందుకోలేని నగరాలుగా తెలంగాణలో హైదరాబాదు, పటాన్‌చెరు, నల్లగొండలను, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు సహా 13 నగరాలను గుర్తించారు. కొండల నడుమ పళ్ళెంలా ఉన్న విశాఖలో ఓడరేవు బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళికి పరిశ్రమల పొగ తోడవుతుంది. మిగతా నగరాల్లో వాహనాలు, రోడ్ల దుమ్ము, నిర్మాణాలు, చెత్త తగలబెట్టడం ప్రధాన మూలాలు.

ప్రమాణాలు

ఇంతకు తక్కువైతే హాని లేదు అని చెప్పదగిన హద్దు సూక్ష్మ ధూళికి ఇంతవరకు దొరకలేదు. తక్కువ స్థాయిలో మోతాదు కొద్దిగా పెరిగినా ముప్పు వేగంగా పెరుగుతుంది, ఎక్కువ స్థాయిలో ఆ పెరుగుదల కొంత మందగిస్తుంది. అందువల్ల గాలి బాగా చెడిన నగరంలో కాలుష్యాన్ని కొంతే తగ్గిస్తే ఫలితం స్వల్పంగా కనబడుతుంది, మేలు పూర్తిగా దక్కాలంటే చాలా దూరం తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూక్ష్మ ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు మించరాదని సవరించింది. భారతదేశం 2009లో నిర్ణయించిన ప్రమాణాలు వరుసగా 40, 60. కాబట్టి దేశీయ ప్రమాణాన్ని అందుకున్న నగరం కూడా ఆరోగ్యపరంగా సురక్షితమని అనుకోవడానికి వీల్లేదు.

ప్రజలకు తేలికగా తెలియడానికి 2015లో ప్రవేశపెట్టిన జాతీయ వాయు నాణ్యతా సూచీ, ఎనిమిది కాలుష్య కారకాలను విడివిడిగా లెక్కించి వాటిలో అత్యధికంగా వచ్చిన అంకెను ఆనాటి సూచీగా ప్రకటిస్తుంది. 50 వరకు మంచిదనీ, 100 వరకు సంతృప్తికరమనీ, 200 వరకు మోస్తరుగా కలుషితమనీ, 300 వరకు చెడ్డదనీ, 400 వరకు బాగా చెడ్డదనీ, ఆపైన తీవ్రమనీ వర్గీకరించారు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారికి ‘మోస్తరు’ రోజుల్లోనే ఇబ్బంది మొదలవుతుంది.

కాలుష్యం తగ్గినప్పుడు

కాలుష్యమే కారణమనడానికి గట్టి రుజువు, అది తగ్గినప్పుడు ఆరోగ్యం మెరుగుపడడం. అమెరికాలోని యూటా లోయలో ఒక ఉక్కు కర్మాగారం కార్మిక వివాదంతో 1986-87లో ఏడాదికి పైగా మూతపడగా, ఆ చలికాలంలో శ్వాసకోశ వ్యాధులతో ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య బాగా తగ్గి, కర్మాగారం తెరిచాక మళ్ళీ పెరిగింది. బీజింగ్‌లో 2008 ఒలింపిక్స్ సందర్భంగా వాహనాలను, పరిశ్రమలను నియంత్రించినప్పుడు, 125 మంది ఆరోగ్యవంతులైన యువ వైద్యుల రక్తంలో గడ్డకట్టే స్వభావాన్ని తెలిపే కొన్ని సూచికలు తగ్గాయి. కాలిఫోర్నియాలో గాలి మెరుగుపడిన రెండు దశాబ్దాల్లో, పైన చెప్పిన పరీక్షలో వెనుకబడిన పిల్లల శాతం 7.9 నుంచి 3.6కు దిగిందని 2015లో ప్రకటించారు.

నివారణ

వ్యక్తిగతంగా తీసుకోదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ముఖానికి బిగుతుగా అమరే ఎన్ 95 మాస్కు సూక్ష్మ రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది, చేతిరుమాలు, చున్నీ, మామూలు గుడ్డ మాస్కు ఆ పని చేయలేవు. సూచీ ఎక్కువగా ఉన్న రోజుల్లో గుండె, శ్వాసకోశ రోగులు ఆరుబయట వ్యాయామం మానుకోవడం, ఇన్‌హేలర్, రక్తపోటు మందులు తప్పకుండా వాడడం, వంటింట్లో పొగగొట్టం, కిటికీ ఉండేలా చూసుకోవడం, ఇంట్లో ఎవరూ పొగతాగకపోవడం మేలు చేస్తాయి. కాని చౌరస్తాలో పది గంటలు నిలబడే ట్రాఫిక్ కానిస్టేబులుకూ, ఆటో డ్రైవరుకూ, రోడ్డు పక్క బండి పెట్టుకున్న చిరువ్యాపారికీ గాలిని ఎంచుకునే వీలు లేదు.

ప్రభుత్వపరంగా 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం, డీజిల్, పెట్రోలులో గంధకాన్ని పది లక్షల వంతుల్లో 50 నుంచి 10కి తగ్గించిన 2020 ఏప్రిల్ నాటి భారత్ స్టేజ్-6 నిబంధనలు, 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ముఖ్యమైన చర్యలు. థర్మల్ కేంద్రాలు సల్ఫర్ డయాక్సైడును తొలగించే పరికరాలు అమర్చుకోవాలని 2015 డిసెంబరులో విధించిన నిబంధన గడువులు పలుమార్లు పొడిగించగా, 2025 జూలైలో అత్యధిక కేంద్రాలకు దాని నుంచి మినహాయింపు లభించింది. స్వచ్ఛ వాయు కార్యక్రమంలో నగరాల పనితీరును ప్రధానంగా పీఎం 10 ఆధారంగానే అంచనా వేస్తున్నందున, రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే వాహనాల మీద పెట్టిన శ్రద్ధ పొగను పుట్టుకలోనే ఆపడం మీద కనబడదు. గుండెపోట్లకు, పక్షవాతానికి కారణమవుతున్నది ముఖ్యంగా ఇంధనాలు కాలగా పుట్టే పీఎం 2.5 అని రుజువైన తరువాత, నగరాల పనితీరును కొలవవలసింది ఆ సూక్ష్మ ధూళి ఎంత తగ్గిందన్న లెక్కతోనే.